విడిచినది ఎవరికి చేరినది?

మనుష్యుడు తన్ను తాను నిగ్రహించుకొనుటకై సంవత్సరములో కొన్ని దినములను వేరుపరచుకొనుట ఇంచుమించు సకల మతములయందును కానవచ్చుచున్నది. శైవులకు మహాశివరాత్రి, వైష్ణవులకు ఏకాదశి, ముసల్మానులకు రంజాను మాసము ఎట్టివో, క్రైస్తవులకు శ్రమకాలము అట్టిది. ఆంగ్లమున దీనిని లెంట్ అందురు. మన కతోలిక సోదరులు తపఃకాలమని వ్యవహరింతురు. ఈ సంచికను చదువు కుటుంబములలో అన్ని మతములవారును కలరు గనుక, ముందుగా ఆ కాలముయొక్క స్వరూపమును సంగ్రహముగా నివేదించి, పిమ్మట దానినుండి పుట్టు ఒక ధర్మసందేహమును విచారింప దలచితిని. ఆ సందేహము క్రైస్తవులకు మాత్రమే సంబంధించినది కాదని చదువరులే గ్రహింపగలరు.

భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరు పండుగకు ముందటి శనివారము వరకు లెక్కింపగా నలువది యారు దినములగును. ఆదివారము క్రీస్తు పునరుత్థానమును స్మరించు సంతోష దినము గనుక ఉపవాసపు లెక్కలోనికి రాదు. ఆరు ఆదివారములు తీసివేయగా మిగిలినవి 40 దినములు. యేసుక్రీస్తు తన బోధకు పూనుకొనుటకు ముందు అరణ్యములో ఉపవసించిన దినములును నలువదియే. క్రీ. శ. 325లో నైసియా పట్టణమున జరిగిన సభవారి నిబంధనలలోనే ఈ నలువది దినముల ప్రస్తావన కలదు గనుక ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనమైనదని చెప్పవచ్చును. ఇక ఈస్టరు ఎప్పుడు వచ్చుననగా, మార్చి 21వ తేదీనగాని ఆపైనగాని వచ్చు పున్నమికి తరువాతి ఆదివారమున. పంచాంగము చూచు అలవాటుగల మనకు ఇది సులభముగా బోధపడును: సాధారణముగా అది ఫాల్గుణ పూర్ణిమ వెనుకగాని, చైత్ర పూర్ణిమ వెనుకగాని వచ్చు ఆదివారమగును. అందుచేత ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపుగా ఎప్పుడైనను రావచ్చును.

మన సిరొంచ ప్రాంతమున ఈ కాలమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అడవిలో మోదుగులు పూచును, ఇప్పపూవు రాలును, ప్రాణహిత సన్నగిల్లి ఇసుక దిబ్బలు బయటపడును, మిరప ఏరుటకు కూలీలు ఆవలి యొడ్డునకు పోవుదురు. తునికాకు కోతకు ఇంకను కొంత వ్యవధి యుండును. ఇండ్లలో ధాన్యపు గుమ్ములు అడుగంటుచుండును. అనగా ఉపవాసము చేయుమని పంచాంగము చెప్పకున్నను, అనేక గృహములలో ప్రకృతియే ఉపవాసము చేయించు కాలమిది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనగోరుదును. దీనితో ముందు పని కలదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా మెథడిస్టు మిషనువారు సిరొంచలో పని నారంభించిననాటినుండి ఇక్కడ తెలుగు క్రైస్తవ కుటుంబములు స్థిరపడి యున్నవి. శ్రమకాలమున ఈ కుటుంబములలో ఇంటింట సాయంకాల ప్రార్థనలు జరుగును. కొందరు మాంసమును, కొందరు తేనీటిని, కొందరు పొగాకును విడుతురు. వివాహాది శుభకార్యములు వాయిదా వేసికొందురు. మట్టల ఆదివారమున పిల్లలు ఈత మట్టలు చేతబట్టి గుడికి పోవుదురు. శుభ శుక్రవారమున మధ్యాహ్నము పండ్రెండు గంటలు మొదలు మూడు గంటలవరకు సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను ధ్యానింతురు. భస్మ బుధవారమున నుదుట బూడిద పెట్టుకొను ఆచారము కతోలిక సంఘమునందును, మరికొన్ని సంఘములయందును కలదు. ఆ బూడిద గత సంవత్సరపు మట్టలను కాల్చి చేసినదే. నిరుటి ఉత్సవము ఈయేటి బూడిద యగుచున్నదను భావము, విభూతి ధరించు మన ఇరుగుపొరుగువారికిని అపరిచితము కానేరదు.

2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మన యేటియొడ్డున ఒక విశేషము జరిగినది. ప్రాణహిత పుష్కరములు 13వ తేదీ మొదలు 24వ తేదీ వరకు జరిగెను. ఆ నడుమనే 15వ తేదీన శుభ శుక్రవారమును, 17వ తేదీన ఈస్టరును వచ్చెను. రంజాను మాసమో, అంతకుముందే ప్రవేశించి యుండెను. ఒకే వారములో ఒకరు ఏటిలో మునిగిరి. ఒకరు సిలువ యెదుట మోకరించిరి. ఒకరు సూర్యాస్తమయము వరకు మంచినీరైనను ముట్టకుండిరి. ఎవరికి వారు తమ వ్రతమును జరుపుకొనిరి. ఇన్ని విధములుగా మనుష్యులు ఆకలిని కోరి తెచ్చుకొనుట యెందులకు? ఆ ఆకలివలన లోకమునకేమి లాభము? ఈ ప్రశ్నలే నేను విచారింపబూనిన విషయము.

నేను విశ్రాంతి పొందిన గుమాస్తాను. మెట్రిక్యులేషను వరకే చదివితిని. వేదాంత గ్రంథముల లోతులు నా కందునవి కావు. అయితే లెక్కల పుస్తకములతో గడిపిన ఉద్యోగము ఒక అలవాటును నేర్పినది. ఒక పద్దులో తగ్గిన సొమ్ము మరియొక పద్దులో కనబడి తీరవలెను. కనబడనియెడల ఆ కాగితముపై సంతకము చేయుటకు చేయి రాదు. చాలా సంవత్సరములలో మార్చి 31వ తేదీ శ్రమకాలములోనే పడుచుండును. పగలు కచేరీలో సంవత్సరాంతపు లెక్కలు ముగించి, సాయంకాలము ప్రార్థనలో కూర్చుండువానికి ఒక ప్రశ్న తోచుట సహజము: నలువది దినములు మేము విడిచినది ఏ పద్దులోనికి పోయినది? నా పళ్లెములో తగ్గిన అన్నము ఎవరి పళ్లెములో పెరిగినది?

ఈ ప్రశ్నను ఇంటింట అడిగి చూచినయెడల జవాబులు కొంత ఇబ్బందికరముగానే యుండును. నలువది దినములు మాంసము మానిన గృహమున ఆ సొమ్ము మిగిలి, ఈస్టరునాటి విందుకు రెట్టింపు వ్యయమగును. అది ఉపవాసము కాదు, పొదుపు. పొదుపు మంచిదే, కాని దానికి దేవుని పేరు పెట్టవలసిన పనిలేదు. మరియొక గృహమున యజమాని వ్రతము పట్టును. పిల్లలకొక వంట, ఆయనకొక వంట. ఆయన ఉపవాసము విడుచు వేళకు ఫలహారములు సిద్ధముగా నుండవలెను. రెండు వంటలు చేయునది ఇల్లాలు. ఉపవాసము ఆయనది, శ్రమ ఆమెది. శ్రమకాలమను పేరు అట్టి యింట ఆమెకే చెల్లును. ఇది క్రైస్తవుల యింట మాత్రమే జరుగు సంగతి కాదని శివరాత్రి, కార్తిక సోమవారములు ఆచరించు గృహిణు లెల్లరును ఎరుగుదురు. ఇక్కడ విడిచినది మరియొకరికి చేరకపోవుట యటుంచి, మరియొకరిపై భారముగా చేరినది.

క్రీస్తు చరిత్రలోనే ఈ ప్రశ్నకు జవాబున్నదని నాకు తోచుచున్నది. అరణ్యమున నలువది దినములు ఉపవసించి ఆకలిగొన్నవేళ, రాళ్లను రొట్టెలుగా మార్చుకొమ్మని శోధకుడు ఆయనను ప్రేరేపించెను. ఆయన సమ్మతింపలేదు. కొంతకాలమునకు మరియొక నిర్జన ప్రదేశమున అయిదువేలమంది పురుషులు, వారితోకూడ స్త్రీలు, పిల్లలు ఆకలిగొనియున్నప్పుడు అదే ప్రభువు కొద్దిపాటి రొట్టెలను పట్టుకొని, విరిచి, అందరికిని చాలునట్లు పంచిపెట్టెను. తన ఆకలికై చేయనొల్లని కార్యమును పరుల ఆకలికై చేసెను. ఈ రెండు వృత్తాంతములను వేరువేరుగా చదువుట మనకు వాడుక. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిన, మొదటిదానిలో విడిచినది రెండవదానిలో ఎవరికి చేరినదో స్పష్టమగును.

ప్రవక్తయగు యెషయా తన గ్రంథము 58వ అధ్యాయమున ఈ సంగతినే కఠినముగా చెప్పెను. ఉపవాస దినముననే పనివారిని పీడించుచు, కలహించుచు, దేవుడు మమ్మును చూడలేదేమి అని అడుగువారిని ఆయన మందలించెను. అన్యాయపు కట్లు విప్పుట, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుట, ఇల్లు లేనివానిని చేర్చుకొనుట, వీనినే దేవుడు కోరిన ఉపవాసమని ఆయన బోధ. రెండవ శతాబ్దమున రోమాపురమున వెలువడిన ‘హెర్మాసు కాపరి’ అను గ్రంథము ఇంకను వివరముగా విధించుచున్నది. ఉపవాస దినమున రొట్టెయు నీరును తప్ప పుచ్చుకొనక, ఆ దినము తినియుండదగిన భోజనపు ఖరీదును లెక్కగట్టి, దానిని విధవరాలికో, అనాథకో, లేమిలో నున్నవానికో ఈయవలెనట. గుమాస్తా యెవడైనను మెచ్చుకొనదగిన విధి యిది! పద్దునకు పద్దు సరిపోవుచున్నది.

మన తెలుగువారికి ఈ భావము క్రైస్తవ మతముతో మాత్రమే వచ్చినది కాదు. పోతనామాత్యుని భాగవతము నవమ స్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువది యెనిమిది దినములు అన్నోదకములు లేక కుటుంబముతో గడపిన ఆ రాజునకు పిమ్మట అన్నము లభించెను. తినబోవు సమయమున ఒకరి వెంట నొకరుగా అతిథులు వచ్చిరి. అన్నమంతయు వారికి పెట్టెను. మిగిలిన మంచినీరు త్రాగబోవుచుండ, లోకము అంటరానివాడని త్రోసివేసిన ఒకడు దప్పిగొని వచ్చి యాచింపగా ఆ నీటినికూడ వానికే పోసెను. రంతిదేవుని గొప్పదనము ఆ నలువది యెనిమిది దినములలో లేదు. అవి అతనికి తప్పనిసరియై వచ్చినవి. అతని గొప్పదనమంతయు ఆ తరువాతి గడియలో నున్నది. ముసల్మానులకును రంజాను ఉపవాసముల చివర, పండుగ నమాజునకు ముందే, బీదలకు ఫిత్రా దానము చెల్లింపవలెనను విధి యున్నది. మతములు వేరైనను పద్దు పుస్తకము ఒక్కటిగనే కనబడుచున్నది.

దీనిని ఆచరణలో పెట్టుటకు గొప్ప సంపద అక్కరలేదని చూపినవారు స్త్రీలు. దోర్నకల్ అధ్యక్షఖండమున బిషప్ అజరయ్యగారి కాలమున గ్రామములలోని క్రైస్తవ స్త్రీలు ఎసట పోయబోవు బియ్యములోనుండి పిడికెడు తీసి వేరుగా దాచి, వారమునకొకమారు గుడికి తెచ్చెడివారు. వారిలో పలువురు నిరుపేద కూలీలు. మిజోరాములో 1910లో ఆరంభమైన ఇట్టి పిడికెడు బియ్యపు కానుక నేటికిని సాగుచు, అక్కడి సంఘముయొక్క సేవలకు గొప్ప ఆధారమై యున్నది. ఈ పద్ధతిలోని సొగసేమనగా, విడుచుటయు ఇచ్చుటయు ఒకే క్షణమున జరుగును. పిడికిలి కుండలోనుండి వెలికి వచ్చినప్పుడు ఉపవాసము. అదే పిడికిలి మరియొక కుండలో తెరచుకొన్నప్పుడు దానము. నడుమ డంబమునకు చోటు లేదు. పొదుపునకు అంతకన్న లేదు.

ఇంతవరకు చెప్పినదానిపై మూడు ఆక్షేపణలు రాగలవు. వానిని దాటవేయుట న్యాయము కాదు.

మొదటిది, నిగ్రహమునకే స్వతంత్రమైన విలువ లేదా యనునది. ఉన్నది. తన నాలుకకు ‘వలదు’ అని చెప్పలేనివాడు తన పెట్టెకు ‘తెరువుము’ అని చెప్పలేడు. మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడగు జాన్ వెస్లీ యౌవనమున బుధ, శుక్రవారములు ఉపవసించుచు, శిష్యులకును ఆ నియమమునే ఉపదేశించెను. అట్టి శిక్షణ లేకున్న మనస్సు బలపడదు. కాని సాధన దేనికొరకో అది జరుగకున్న, సాధన చేసినందువలన ఫలమేమి? వానకాలమునకు ముందు పడవను బాగుచేసి, తారు పూసి, ఒడ్డుననే కట్టియుంచి, ఏరు వచ్చినపుడు ఎవరిని దాటింపని నావికుని వంటిది ఫలములేని ఉపవాసము. కతోలిక సంఘములో భస్మ బుధవారము, శుభ శుక్రవారము అను రెండు దినములే విధిగా ఉపవాస దినములు. అవియును పదునెనిమిదేండ్లు నిండినవారు మొదలు అరువదవ ఏట అడుగిడనివారి వరకే. నా యీడువారికి ఆ మినహాయింపు కలదు! 1966లో పోపు ఆరవ పౌలుగారు, ఉపవాసమునకు బదులుగా దయాధర్మ కార్యములను నియమించుటకు ఆయా దేశముల బిషప్పుల సభలకు అధికారమిచ్చిరి. ఆకలి ముఖ్యము కాదు, దాని ఫలము ముఖ్యమని ఆ పెద్దలును తలచిరనుట స్పష్టము.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. విడుచుటకేమియు లేనివాని మాట యేమి? పైన నేను జ్ఞాపకముంచుకొనుడని కోరినది ఇందుకే. 2020వ సంవత్సరమున భస్మ బుధవారము ఫిబ్రవరి 26న వచ్చినది. ఈస్టరు ఏప్రిల్ 12న. నడుమ మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిపివేయబడెను. గుళ్లు మూతపడెను. తెలంగాణములో మిరప తోటలకు కూలికై పోయిన గడ్చిరోలి, చంద్రపూరు, బీజాపూరు జిల్లాల జనులు అనేకులు కాలినడకను అడవులుపట్టి ఇండ్లకు మరలిరి. వారి ఆకలి ఏ సంఘపు పంచాంగములోనిదియు కాదు. ఆ ఆకలిని చూచి ‘ఇదియును తపస్సే’ అని ఎవడైన పలికినయెడల, అంతకు మించిన క్రూరత్వము వేరొకటి లేదు. తానుగా ఎన్నుకొన్నదే ఉపవాసము. ఇతరులు నెత్తిన వేసినది కేవలము ఆకలి. ఈ రెంటికిని గల భేదమును మరచినవాని ప్రార్థన నిండుకడుపున చేసిన ప్రసంగముగనే యుండును.

ఈ భేదమును గుర్తించినవారు పూర్వమును ఉండిరి. మెదకులో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు దినములలో జనులకు పనియు అన్నమును కల్పించుచు కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఆ దేవాలయపు ఔన్నత్యమును చూచి ప్రయాణికులు అబ్బురపడుదురు. నాకు మాత్రము ఆ గోడలలోని ప్రతి రాతి వెనుకను ఒక పూట అన్నమున్నదను తలంపే అంతకంటె ఉన్నతముగా తోచును. ఆకలిగొన్నవానికి ఉపవాస మహిమను బోధింపరాదు. వాని విషయమున మన ఉపవాసమునకు గల అర్థమొక్కటే: మనము విడిచినది వానిని చేరవలెను. అయితే లేమిలో నున్నవాడు ఇచ్చుటకు అనర్హుడని తలంపరాదు. విడుచుట అను మన తెలుగు మాట అన్నమునకు మాత్రమే పరిమితము కాదు. పగ విడుచుట, పంతము విడుచుట, బాకీ విడుచుట అనికూడ అందుము. పళ్లెములో ఏమియు లేనివానికిని విడువదగిన పగ యొకటి యుండవచ్చును. పిడికెడు బియ్యము తెచ్చిన ఆ కూలి స్త్రీలను తలంచుకొన్న, ఎవరు ఏమి ఈయగలరో పైవాడే యెరుగునుగాని మనము నిర్ణయింపరాదు.

మూడవ ఆక్షేపణ లెక్కనుగూర్చినది. కుడిచేయి చేయు ధర్మము ఎడమచేతికి తెలియరాదని క్రీస్తు బోధించియుండగా, లెక్కలు వ్రాయుమనుట ధర్మమా? ఉపవసించునపుడు ముఖము వాడ్చుకొనక, తల అంటుకొని, ముఖము కడుగుకొని యుండుమనికూడ ఆయనే చెప్పెను గదా! ఇది నిజము. అందుచేత నేను చెప్పు లెక్క నోటీసు బోర్డుపై అంటించునది కాదు. సంఘ సభలో చదివి చప్పట్లు కొట్టించుకొనునది అంతకన్న కాదు. కచేరీలోనైనను లెక్కల పుస్తకము అందరికిని చూపుటకై వ్రాయబడదు. తనిఖీ చేయువానికొరకు వ్రాయబడును. ఇక్కడ తనిఖీ చేయువాడు రహస్యమందు చూచువాడు. ఆయనకు మన పుస్తకముతో అవసరము లేదు; మనకే అవసరము. వ్రాయనియెడల మనము చేసిన స్వల్పము మన కంటికి కొండంతగను, చేయవలసిన కొండ స్వల్పముగను కనబడును.

ఇక ప్రార్థన, ధ్యానములకు ఈ విచారణలో చోటెక్కడ? అన్నము పంచినచో చాలదా? చాలదనియే నా విశ్వాసము. ఏలయనగా, ఎవరికి ఏమి బాకీ పడితిమో మనంతట మనకు తోచదు. తోచకుండుటయే మన సౌఖ్యము. మౌనముగా, ఆకలితో, దైవసన్నిధిలో కొంతసేపు కూర్చున్నపుడే మరుగుపడిన ముఖములు ఒక్కొక్కటిగా ముందుకు వచ్చును. ఉపవాసమను మాటకు సమీపమున వసించుట యని పెద్దలు అర్థము చెప్పుదురు. దేవుని సమీపమున వసించినవానికి దేవుడు తన ఇరుగుపొరుగువారిని పరిచయము చేయకమానడు. క్రీస్తు నేర్పిన ప్రార్థనలో పాపమును ఋణమని చెప్పుట మన తెలుగు బైబిలులో కనబడుచున్నది. తన ఋణము మాపు చేయుమని వేడుకొనువాడు తనకు ఋణపడినవానిని జ్ఞాపకము చేసికొనక తప్పదు. ఆ రెండు పద్దులును ఒకే పుటలో వ్రాయబడి యున్నవి.

లూకా సువార్తలోని జక్కయ్య కథ మన ప్రాంతపువారు ప్రత్యేకముగా ధ్యానింపదగినది. ఆయన సుంకము వసూలు చేయువారిలో ముఖ్యుడు, ధనవంతుడు. క్రీస్తు తన యింటికి వచ్చిన దినమున ఆయన తన ఆస్తిలో సగము బీదలకిచ్చుటకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు మరల చెల్లించుటకును ఒప్పుకొనెను. ఇచ్చుట వేరు, మరల చెల్లించుట వేరు అని ఆయన గుర్తించిన విధము చూడుడు. సగము దానము, నాలుగింతలు బాకీ. మనలో పలువురము బాకీలను దానముల పద్దులో వ్రాసికొందుము. తునికాకు కట్టలను ఎంచుచోట, కూలి దినములను గుర్తువేయుచోట, ధాన్యమును తూచుచోట, అన్నదమ్ములు పొలము పంచుకొనుచోట తగ్గించిన దానిని ఈస్టరు విందులో నలుగురికి వడ్డించిన మాత్రమున అది ధర్మము కాబోదు. శ్రమకాలపు ధ్యానము చేయవలసిన మొదటి పని ఈ రెండు పద్దులను వేరుచేయుట. ఇది ఏడ్చుటకంటె కష్టము. ఏడ్చినచో మనస్సు తేలికపడును. చెల్లించినచో సంచి తేలికపడును.

ఇచ్చట మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించిన ఒక మాట మనవి చేయవలసి యున్నది. సిరొంచ 1860 మొదలు 1874 వరకు అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. పిమ్మట చాందా జిల్లాలో చేరెను. 1956లో బొంబాయి రాష్ట్రములోనికి, 1960 మే 1న మహారాష్ట్రములోనికి వచ్చెను. 1982 ఆగష్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. కాగితములపై శీర్షికలు ఎన్ని మారినను మన యిండ్లలో తెలుగు నిలిచినది. బడి చదువు మరాఠీలో జరుగును. అది మనకు అన్నము పెట్టు భాష, దానియెడల మనకు గౌరవమే గాని ద్వేషము లేదు. అయితే మన మనుమలు పలువురు తెలుగు మాటలాడగలరు గాని చదువలేరు. బైబిలును మరాఠీలోనో, సెల్‌ఫోనులో వినియో తెలిసికొనుచున్నారు. పురుషోత్తమ చౌదరిగారు మొదలైన పూర్వ కవుల పాటలు గల ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పెద్దల చేతులలో మాత్రమే మిగిలియున్నది.

దేవునికి ఏ భాషయైనను ఒక్కటే. మరాఠీలో చేసిన ప్రార్థన తక్కువదని చెప్పువాడు అవివేకి. నేను చెప్పదలచినది వేరు. పశ్చాత్తాపము ఇంటి వ్యవహారము. మనము ఏ భాషలో కోపగించుకొందుమో, ఏ భాషలో తోడికోడలిని దెప్పుదుమో, ఏ భాషలో కూలివానిని కసరుదుమో, క్షమాపణయు ఆ భాషలోనే అడుగుట న్యాయము. గాయమొక భాషలోను మందు మరియొక భాషలోను ఉండిన, మందు పైపైననే నిలుచును. కావున శ్రమకాలపు సాయంకాలములలో తాతలు మనుమలచేత దినమునకు పది వచనములు తెలుగున చదివించిన, నలువది దినములలో నాలుగువందల వచనములగును. అక్షరములు కూడబలుకుకొని చదువు పిల్లవానికొరకు ఓపికపట్టుటయును పెద్దలకొక ఉపవాసమే. అక్కడ విడిచినది మన తొందర. చేరినది వానికి మన భాష.

ఇంతగా వ్రాసిన పిమ్మట చదువరులకు భారము కలిగింపని కొన్ని ఆచరణలను సూచించి విరమింతును. ఏది విడువదలచినను దాని దినవెచ్చమును మొదటి దినముననే లెక్కగట్టి, ఆ సొమ్మును వేరొక డబ్బాలో వేయుచు రావలెను. ఈస్టరునకు ముందే అది మరియొకరి యింటికి చేరవలెను, పండుగ వారికిని పండుగ కావలెను గనుక. యజమాని వ్రతము పట్టినయెడల ఇంటిలో అందరికిని ఒకే వంట జరుగవలెను, లేదా ఆ రెండవ వంట ఆయనయే చేసికొనవలెను. శుక్రవారపు ప్రార్థనకు కూర్చుండుటకు ముందు ఒక బాకీనో, ఒక పగనో పేరుపెట్టి జ్ఞాపకము చేసికొని, మరుసటి శుక్రవారములోపల దాని విషయమున ఒక అడుగైనను వేయవలెను. క్రైస్తవేతరులగు మన సోదరులు తమ తమ వ్రత దినములలో ఇదే విధముగ జరుపుకొన్నచో, ఏటికి ఈవలనున్న మన చిన్న సమాజమున ఆకలిగొన్న ఇల్లు ఏ పండుగనాడును మిగులదు.

వచ్చు భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరు వరకు మన గృహములలో విడువబడు ప్రతి పిడికెడును తన గమ్యమును చేరుగాక. శుభ శుక్రవారమున గుడి గంట మూడు కొట్టు వేళకు, మన పద్దులలో మనుష్యులకు ఈయవలసిన బాకీలు మిగులకుండుగాక. దేవునికి మనము పడిన ఋణము మాత్రము మన సంపాదనతో తీరునది కాదు. దానిని ఆయనయే తన కృపచేత కొట్టివేయవలెను. అందరికిని శాంతి కలుగుగాక.